పదమూడు సిస్టమ్‌ల ఆఫీసుకి డొమైన్ అవసరమా?

గవర్నర్‌పేట ప్రెస్:
విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్ మాది. బిల్లింగ్‌కీ ట్యాలీకీ ఎనిమిది విండోస్, డిజైనింగ్‌కి మూడు మ్యాక్‌లు, ప్లేట్ సెక్షన్‌లో రెండు ఉబుంటు లినక్స్‌లు. జాబ్ ఫైళ్లన్నీ ఒక్క డెబియన్ లినక్స్ సర్వర్‌లోనే. విండోస్‌కీ మ్యాక్‌కీ సాంబా (విండోస్ పద్ధతిలో ఫైళ్లు పంచే లినక్స్ సాఫ్ట్‌వేర్) షేర్, ఉబుంటు వాటికి ఎన్‌ఎఫ్‌ఎస్ (లినక్స్ సిస్టమ్‌ల మధ్య ఫైళ్లు పంచే పద్ధతి). ఎవరి సిస్టమ్‌లో వాళ్లకో ఖాతా, సర్వర్‌లో మళ్లీ ఇంకోటి. మొన్న ఒక డిజైనర్ మానేస్తే అతని ఖాతాలు ఎక్కడెక్కడున్నాయో వెతికి తీసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఖాతాలన్నీ ఒకచోటికి తెచ్చి డొమైన్ (అందరి లాగిన్‌లనీ ఒకే చోటు నుంచి నడిపే ఏర్పాటు) పెట్టెయ్యమంటున్నారు. పెట్టమంటారా?

బ్రాడీపేట నాలుగో లైను:
కళ్లు మూసుకుని పెట్టండి సార్. 2012 డిసెంబర్‌లో సాంబా 4.0 వచ్చినప్పటి నుంచీ యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ డొమైన్ వ్యవస్థ) డొమైన్ కంట్రోలర్‌ని, అంటే ఖాతాలు చూసుకునే సర్వర్‌ని, లినక్స్ మీదే నడుపుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ సర్వర్ లైసెన్సులు అక్కర్లేదు. మనిషి మానేస్తే ఒక్కచోట డిసేబుల్ కొడితే అయిపోతుంది. కాకపోతే కంట్రోలర్ మీదే ఫైళ్లు పెట్టొద్దని సాంబా వాళ్లే చెబుతారు. కంట్రోలర్‌కి వేరే మెషీనో, వర్చువల్ మెషీనో (ఒక మెషీన్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో మెషీన్) చూసుకోండి.

ఆటోనగర్ కేబుల్స్:
"కళ్లు మూసుకుని" అంటేనే భయం. ముందు ఆ ఎనిమిదింట్లో విండోస్ ఏ ఎడిషనో చూశారా? హోమ్ అయితే డొమైన్‌లో చేరనే చేరదు, ప్రోకి డబ్బు కట్టాల్సిందే. తర్వాత కెర్బరాస్ (డొమైన్‌లో లాగిన్ సరిచూసి టికెట్ అనే అనుమతి ఇచ్చే పద్ధతి) సంగతి. గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటితే టికెట్ ఇవ్వదు. మదర్‌బోర్డు మీద సెల్లు అయిపోయి గడియారం తప్పిన పాత సిస్టమ్‌లు మన ఆఫీసుల్లో ఎన్నో మీకు తెలీదా?

బ్రాడీపేట నాలుగో లైను:
డొమైన్‌లో చేరిన విండోస్ టైమ్ కంట్రోలర్ నుంచే తీసుకుంటుందండీ. ఉబుంటులో క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) పెడితే సరి.

ఆటోనగర్ కేబుల్స్:
మరి కంట్రోలరే పడిపోతే? విండోస్ పాత లాగిన్‌లు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి సిస్టమ్ తెరుచుకుంటుంది, షేర్ మాత్రం కొత్తగా తెరుచుకోదు. డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకి అడ్రసు చెప్పేది) కూడా దాని మీదే పెడతారు కాబట్టి ఇంటర్నెట్టూ పోయిందని మీకే ఫోన్ చేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో కార్డులు ఆగితే ఓనరు గారికి ఏం చెబుతారు?

అరండల్‌పేట మేడమ్:
మీరిద్దరూ ఎన్‌ఎఫ్‌ఎస్ మర్చిపోయారు. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసినప్పుడు మొదటి యూజర్‌కి 1000 అనే గుర్తింపు నంబరు ఇస్తుంది. రెండు సిస్టమ్‌లలోనూ వేర్వేరు మనుషులు, ఒకే 1000. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ పాస్‌వర్డ్ అడగదు, క్లయింట్ (ఫైలు అడిగే సిస్టమ్) చెప్పిన నంబరుని నమ్మేస్తుంది. అంటే సర్వర్ దృష్టిలో వాళ్లిద్దరూ ఒకరే! డొమైన్ పెట్టినా ఈ నంబర్లు వాటంతటవే కలవవు. విన్‌బైండ్‌ని (డొమైన్ ఖాతాలకి లినక్స్ నంబర్లు ఇచ్చే సాంబా భాగం) టీడీబీ అనే పద్ధతిలో వదిలేస్తే ముందొచ్చినవాళ్లకి ముందు నంబరు ఇస్తుంది, ఒక్కో మెషీన్లో ఒక్కోలా. అన్నిట్లోనూ ఆర్‌ఐడీ పద్ధతి (ఖాతాకి డొమైన్‌లో ఉన్న నంబరు నుంచే లెక్కగట్టేది), ఒకే నంబర్ల రేంజ్ పెట్టాలి.

గవర్నర్‌పేట ప్రెస్:
చూశానండీ, ఎనిమిదింట్లో ఐదు హోమే. అవి డొమైన్‌లో చేరకపోయినా డొమైన్ ఖాతాతో షేర్ తెరవొచ్చా?

బ్రాడీపేట నాలుగో లైను:
తెరవొచ్చు. యూజర్ పేరు ముందు డొమైన్ పేరు ఇస్తే చాలు.

అరండల్‌పేట మేడమ్:
అంతమాత్రానికి డొమైన్ ఎందుకండీ? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఫైళ్లున్నది ఒక్క సర్వర్. సాంబా ఖాతాల పట్టిక దాంట్లో ఇప్పటికే ఒకచోటే ఉంది. ఉబుంటు రెండింటినీ ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి సాంబాకి మార్చెయ్యండి, నంబర్ల గొడవ పోతుంది. మనిషి మానేస్తే ఎస్‌ఎంబీ పాస్‌వర్డ్ (smbpasswd) అనే సాంబా కమాండ్‌తో ఆ ఖాతా డిసేబుల్ చేసి, తెరిచి ఉన్న కనెక్షన్ కూడా తెంపండి. అతని సిస్టమ్‌లో లాగిన్ మిగిలినా ఆ ఖాతాతో ఫైళ్లు అందవు. కాకపోతే లినక్స్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సాంబా పాస్‌వర్డ్ మారదు. సాంబా దాచుకునే హ్యాష్ (పాస్‌వర్డ్‌ని మార్చి రాసిన రూపం) వేరు.

ఆటోనగర్ కేబుల్స్:
నేను మొదటి నుంచీ అనేది ఇదే.

అరండల్‌పేట మేడమ్:
మీరు డొమైనే వద్దన్నారు. రెండో సర్వర్ వచ్చిందంటే నేనూ బ్రాడీపేట సార్ పక్షమే.

గవర్నర్‌పేట ప్రెస్:
వచ్చేస్తోంది మేడమ్. వచ్చే నెల ఓనరు గారు ఎన్‌ఏఎస్ బాక్స్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచి పంచే పెట్టె, ఇంకో ఫైల్ సర్వరే) కొంటున్నారు, డిజైనర్లు దాని మీదే పనిచెయ్యాలట.

బ్రాడీపేట నాలుగో లైను:
అయితే అది యాక్టివ్ డైరెక్టరీలో చేరుతుందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. నంబర్లు ఎలా ఇస్తుందో కూడా.