ఎస్‌డీఎస్ సీఎంసీకి చేరకముందే క్రిస్టల్ వయొలెట్ రంగు పోవడం ఎందుకు నెమ్మదిస్తోంది?

నమస్తే అండి. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా డై సోడియం హైడ్రాక్సైడ్ (క్షారం)తో కలిసి రంగు కోల్పోయే చర్య మీద సర్ఫాక్టెంట్ల (సబ్బులాంటి పదార్థాల) ప్రభావం చూస్తున్నాను. 590 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (డై కాంతిని ఎంత పీల్చుకుంటోందో) తీసుకుంటున్నా. క్షారం బాగా ఎక్కువ ఉంచాను కాబట్టి లాగరిథమ్ గ్రాఫ్ సరళరేఖగానే వస్తోంది.

సీటాబ్ (ధనావేశమున్న సర్ఫాక్టెంట్) వేస్తే రంగు చకచకా పోతోంది. అది అర్థమైంది: ధనావేశమున్న మిసెల్ (సర్ఫాక్టెంట్ అణువుల గుంపు) చుట్టూ హైడ్రాక్సైడ్ అయాన్లు చేరతాయి, డై కూడా నీటిని ఇష్టపడని తన వలయాల వల్ల అక్కడికే వస్తుంది. మోతాదు మరీ పెంచితే వేగం మళ్లీ తగ్గడానికి సీటాబ్‌లోని బ్రోమైడ్ అయాన్లు హైడ్రాక్సైడ్‌తో పోటీపడటమే కారణం అనుకుంటున్నా.

చిక్కంతా ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్, రుణావేశమున్న సర్ఫాక్టెంట్)తోనే. మామూలు నీటిలో దాని సీఎంసీ (మిసెల్స్ ఏర్పడటం మొదలయ్యే గాఢత) సుమారు 8 మిల్లీమోలార్ కదా, నాకు 2 దగ్గరే వేగం పడిపోతోంది! పైగా క్షారం కలపకముందే స్పెక్ట్రమ్‌లో పీక్‌కి ఎడమ పక్కన చిన్న బుడిపె లేస్తోంది.

క్షారంలోని సోడియం వల్ల సీఎంసీయే దిగిపోయిందా, లేక డై, ఎస్‌డీఎస్ జతకట్టి ముందే గుంపులవుతున్నాయా? ఆ బుడిపెను బట్టి నాకు రెండోదే అనిపిస్తోంది. కండక్టివిటీతో తేల్చుదామంటే క్షారం రీడింగే మిగతాదంతా మింగేస్తోంది. సర్ఫేస్ టెన్షన్ కొలిచే సాధనం లేదు. స్పెక్ట్రోఫొటోమీటర్ ఒక్కదానితో ఈ రెండింటినీ విడదీసే దారి ఉందా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.