"ప్రపంచ సంపద" మ్యాప్‌కి జీడీపీ సరిపోతుందా?

గోడపటం:
హైస్కూల్ గోడకి "ప్రపంచ సంపద" పేరుతో మ్యాప్ కావాలి. ప్రపంచ బ్యాంకు డేటాతో, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మొత్తం జీడీపీ వేస్తే భారత్ ముదురుగా, స్విట్జర్లాండ్ లేతగా వస్తున్నాయి. తలసరికి మారిస్తే ఐర్లాండ్ అమెరికాను దాటేసింది. ఫ్రాన్స్, నార్వే ఖాళీగా ఉన్నాయి. తప్పు ఎక్కడుంది?

లెక్కలపద్దు:
ముందు శీర్షిక మార్చండి. జీడీపీ అంటే ఏడాదిలో దేశం లోపల జరిగిన ఉత్పత్తి విలువ. సంపద అంటే అప్పులు పోను మిగిలిన ఆస్తి. భూకంపంలో ఇళ్ళు కూలితే సంపద తరుగుతుంది, వాటిని తిరిగి కట్టే ఖర్చు మాత్రం జీడీపీలో కలుస్తుంది. రెండింటికీ ఒకే రంగు వేస్తే పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

ఐర్లాండ్ సంగతి: 2015కి వేసిన మొదటి లెక్కల్లో ఆ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగింది. జనం చేతిలోకి అంత డబ్బు రాలేదు. బహుళజాతి కంపెనీలు పేటెంట్ల వంటి ఆస్తులను అక్కడి పద్దుల్లోకి మార్చుకున్నాయి. దాంతో వేరే దేశాల్లో తయారై అమ్ముడైన సరుకు రాబడి కూడా ఐర్లాండ్ ఉత్పత్తిగా నమోదైంది. అందుకే వాళ్ళ గణాంక శాఖ 2017 నుంచి సవరించిన జాతీయ ఆదాయం అని వేరే లెక్క ఇస్తోంది. అది జీడీపీకన్నా చాలా తక్కువ.

లక్సెంబర్గ్‌ది ఇంకో రకం. పనిచేసేవాళ్ళలో దాదాపు సగం మంది ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి వచ్చిపోతుంటారు. వాళ్ళ ఉత్పత్తి లవంలోకి (జీడీపీలోకి) వస్తుంది, తలలు హారంలోకి (జనాభాలోకి) రావు. తెలంగాణలో తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా ముందుండడానికీ ఇలాంటి కారణం ఒకటుంది: గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసులు ఆ జిల్లా లెక్కలోకే వస్తాయి.

పటాలపని:
ఖాళీల సంగతి నేను చెప్తాను. మీది నేచురల్ ఎర్త్ (ఉచితంగా దొరికే దేశాల సరిహద్దుల డేటా) ఫైలయితే, దేశాల కోడ్‌లుండే "ఐఎస్ఓ_ఏ3" కాలమ్‌లో ఫ్రాన్స్, నార్వేలకు కోడ్ బదులు -99 ఉంటుంది. "ఐఎస్ఓ_ఏ3_ఈహెచ్" కాలమ్‌తో జాయిన్ చేయండి, అంటే జీడీపీ పట్టికను మ్యాప్‌కి కలపండి. కొసోవోకి చేత్తో సరిచేయాలి. దేశాల పేర్లతో మాత్రం జాయిన్ చేయకండి, ఈజిప్టు, కాంగోల దగ్గర తప్పకుండా తేడా వస్తుంది.

ఎరిత్రియా, ఉత్తర కొరియా, వెనెజులాలకు ఇటీవలి అంకెలు లేవు. ఖాళీని సున్నాగా తీసుకుంటే అవి అత్యంత పేద దేశాలుగా కనిపిస్తాయి. బూడిదరంగు గీతలు వేసి "డేటా లేదు" అని రాయండి.

మొత్తం జీడీపీని రంగుల్లో వేయకూడదు, వృత్తాల్లో వేయాలి. వృత్తం సైజును వైశాల్యానికి ముడిపెట్టండి. వ్యాసానికి ముడిపెడితే 4 రెట్ల దేశం 16 రెట్లు కనిపిస్తుంది. తలసరికి రంగులు సరే, కానీ తరగతులు సమాన అంతరాల్లో వద్దు. మొనాకో, లక్సెంబర్గ్ లాంటి కొద్ది చిన్న దేశాలే పై కొసన కూర్చుని ఆఫ్రికా దాదాపు అంతా ఒకే రంగులో పడుతుంది. 1,000, 2,000, 4,000, 8,000 డాలర్లు అని రెట్టిస్తూ పోండి. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఈక్వల్ ఎర్త్ పెట్టండి, అందులో వైశాల్యాలు సరైన నిష్పత్తిలో ఉంటాయి. మెర్కేటర్‌లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

గోడపటం:
ఖాళీలు నిండాయి, ధన్యవాదాలు. డాలర్లలోకి మార్చడానికి మారకం రేటు తీసుకోనా, పీపీపీనా (దేశాల మధ్య ధరల తేడాను సర్దే లెక్క)?

లెక్కలపద్దు:
జనం బతుకు పోల్చాలంటే పీపీపీ. 2023లో భారత్ తలసరి జీడీపీ మారకం రేటులో సుమారు 2,500 డాలర్లు, పీపీపీలో దాదాపు నాలుగింతలు. దిగుమతుల బిల్లు, విదేశీ అప్పు కట్టే శక్తి చూపాలంటే మారకం రేటే సరి.

ఏ ఏడాది అంకెలో, ఏ ధరల్లో ఉన్నాయో మ్యాప్ కింద రాయండి. నైజీరియా 2014లో ఆధార సంవత్సరాన్ని (ఏ ఏడాది ధరలతో లెక్క కడతారో దాన్ని) 1990 నుంచి 2010కి మార్చగానే 2013 జీడీపీ 89 శాతం పెరిగి దక్షిణాఫ్రికాను దాటింది. మారింది లెక్క కట్టే పద్ధతే.

నిజంగా సంపదే చూపాలంటే వయోజనుల నికర ఆస్తి తీసుకోండి, అదీ సగటు కాదు, మధ్యగతం (అందరినీ ఆస్తి వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండేవారి విలువ). అమెరికాలో ఈ రెండింటికీ తేడా నాలుగైదు రెట్లు ఉంటుంది.