పిచ్చుకలు పోయింది టవరు వల్లనా, చెరువుల వల్లనా?

పాలకొల్లు పెంకుటిల్లు:
మా వీధి వసారాలో వాసాల సందున ఏటా మూడు నాలుగు పిచ్చుక గూళ్లుండేవి. పడక కుర్చీలో గడ్డిపోచలు రాలుతున్నాయని నాన్నగారు విసుక్కునేవారు గానీ, ఒక్క గూడూ తీయనిచ్చేవారు కాదు. 2008లో ఎదురు మేడ మీద సెల్ టవరు లేచింది. మూడేళ్లు తిరిగేసరికి వసారా బోసిపోయింది. ఇల్లు అదే, పెంకులు అవే, ఏమీ మారలేదు. స్పెయిన్‌లోని వల్లడోలిడ్ నగరంలో 2002 నుంచి 2006 వరకు పిచ్చుకలను లెక్కపెట్టి, రేడియేషన్ ఎక్కువున్న చోట అవి తక్కువగా ఉన్నాయని 2007లో ప్రచురించారు. మన కేంద్ర పర్యావరణ శాఖ కూడా 2010లో టవర్లకూ పక్షులకూ ఉన్న సంబంధం తేల్చమని నిపుణుల సంఘం వేసింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా! టవరు తీయించమని వీధివాళ్లం అర్జీ రాస్తున్నాం. మీరేమంటారు?

ఉండి చెరువుగట్టు:
ఏం మారిందో నేను చెబుతాను. మార్చినవాళ్లలో నేనూ ఉన్నాను. 2009లో వెనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చింది. రెండేళ్లకు మా ఐదెకరాల వరి చేను చెరువైంది, చుట్టుపక్కలవాళ్లవీ అంతే. అంతకుముందు కుప్ప నూర్చి తూర్పారబడుతుంటే, కళ్లంలో రాలిన గింజల కోసం పిచ్చుకలు గుంపులుగా దిగేవి. చేటతో అదిలిస్తే లేచి, చేట దించగానే మళ్లీ వాలేవి. ఇప్పుడు మేము చెరువుల మీద దారాలు కట్టి పక్షులను రానివ్వడం లేదు, ఒక చెరువు తెగులును ఇంకో చెరువుకు మోసుకొస్తాయన్న భయంతో. వరి మిగిలిన చోట కోత యంత్రం దిగుతోంది, సాయంత్రానికి ధాన్యం ట్రాక్టరెక్కుతోంది. టవర్లు వచ్చిన ఏళ్లూ ఇవే. పిచ్చుక మేత కోసం దూరాలు పోయే పిట్ట కాదండీ. మీ ఇల్లు మారలేదు సరే, ఊరి చుట్టూ ఉన్న నేల మారింది.

కాకినాడ ఫిజిక్స్ మాస్టారు:
స్పెయిన్ లెక్క రెండూ ఒకచోట కనిపించాయని మాత్రమే చెబుతుంది. టవర్లు ఎక్కువ ఉండేది జనమూ కాంక్రీటూ ఎక్కువ ఉన్నచోటే కదా! బ్రిటన్‌లో పిచ్చుకలు తగ్గడం 1970లలోనే మొదలైంది. అక్కడ మొబైల్ సేవలు వచ్చింది 1985లో.

అలాగని రేడియో తరంగాలకూ పక్షులకూ సంబంధమే లేదనను. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో రాబిన్ పిట్టలు నగరపు విద్యుదయస్కాంత రొదలో, అంటే చెవికి వినపడని తరంగాల గజిబిజిలో, దిక్కు పోల్చుకోలేకపోయాయి. వాటిని ఉంచిన గదులకు అల్యూమినియం రేకులు తొడిగి భూమికి కలపగానే మళ్లీ దిక్కు దొరికింది. 2014లో వచ్చిన ఆ పరిశోధన గట్టిది. కానీ ఆ రొద 5 మెగాహెర్ట్జ్ లోపుది, మన ఫోన్లవి 900, 1800 మెగాహెర్ట్జ్. పైగా రాబిన్ వలస పిట్ట, మన పిచ్చుక పుట్టిన చోటికి పెద్దగా దూరం పోదు.

పాలకొల్లు పెంకుటిల్లు:
మాస్టారూ, హాని లేకపోతే 2012 సెప్టెంబరులో టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు ఎందుకు దించారు?

కాకినాడ ఫిజిక్స్ మాస్టారు:
మనుషుల కోసం, ముందుజాగ్రత్తగా. మీ మాటే నిజమైతే, దించాక పిచ్చుకలు తిరిగి రావాలి. మీ వసారాకు వచ్చాయా? 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక చూడండి. పాతికేళ్లలో మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది, ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గింది. టవరు లేని పల్లె ఇప్పుడు ఎక్కడుంది?

రామచంద్రపురం మిల్లు గుమస్తా:
మా రైసు మిల్లు ప్రహరీని ఆనుకునే టవరుంది. రేకుల షెడ్డు ఇనుప గొట్టాల్లో గూళ్లు లెక్కలేనన్ని. మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే చాలు, కాళ్ల దగ్గర చేరతాయి. ఇక్కడ నూకలకు కొదవ లేదు మరి.

అత్తిలి అమ్మమ్మ:
నూకలు పెద్దవాటికి నాయనా. కళ్లు తెరవని పిల్లకు పురుగే కావాలి. మా చిక్కుడు పాదుకు పేనుబంక పట్టిందంటే తల్లిపిచ్చుక రోజంతా అక్కడే. ఒకసారి ఆకుపచ్చ పురుగును ముక్కున కరుచుకొచ్చి, నేను గుమ్మంలో ఉన్నానని గూట్లోకి పోకుండా దండెం మీదే కూర్చుంది. నేను పక్కకు తప్పుకున్నాకే ఎగిరింది. ఇప్పుడు పాదుకు మందు కొట్టనివాళ్లెవరు? పెరడంతా సిమెంటు చేయనివాళ్లెవరు? పాలకొల్లు బాబూ, మీ పెరట్లో పందిరి ఉందా?

పాలకొల్లు పెంకుటిల్లు:
ఉండేదండీ. కారు పెట్టుకోవడానికి 2009లో తీసేశాం, నేల గచ్చు చేయించాం. ఏమీ మారలేదని రాసినప్పుడు అది గుర్తు రాలేదు.

అర్జీ మీద నా సంతకం మాత్రం అలాగే ఉంచుతున్నాను, అంత ఎత్తు ఇనుము ఇళ్ల మధ్య ఎందుకన్నది వేరే మాట. నిన్న సంత నుంచి వరికంకుల కుచ్చు తెచ్చి వసారాలో కట్టాను. ఇప్పటికి ఉడుత ఒకటే వస్తోంది.