మూడు నెలలుగా డేట్ రాలేదు, రన్నింగ్ ఆపెయ్యాలా?

కావలి_పిల్ల:

అక్కలూ కొంచెం పెద్దది రాస్తా ఉండా, ఓపిగ్గా చదవండి. మాది కావలి దగ్గర పల్లె, వయసు 22, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు లాంటి ఫిజికల్ టెస్టులకి, ప్రాక్టీస్ చేస్తా ఉండా. సంక్రాంతికి 61 కేజీలు ఉన్నా, హైట్ 158. 1600 మీటర్లు పరిగెత్తాలంటే సగంలోనే ఆయాసం వచ్చి ఆగిపోయేదాన్ని, గ్రౌండ్‌లో పిల్లలు బరువు తగ్గు టైమింగ్ అదే వస్తాది అన్నారు, ఆ రోజు నుంచి అన్నం మానేశా. పొద్దున ఓట్స్, మధ్యాన్నం రెండు పుల్కాలు కూర, రాత్రికి గుడ్డు తెల్లసొన మూడు, ఒక ఆపిల్. నాలుగున్నరకి లేచి 8 కిలోమీటర్లు పరుగు, సాయంత్రం మళ్ళీ వర్కౌట్. ఇప్పుడు 50 ఉండా.

ముందు నాకు 30 రోజులకి ఠంచనుగా వచ్చేది. ఫిబ్రవరిలో ఒక్కరోజే కనపడింది, ఉగాది ముందు ఒకసారి వచ్చింది, అంతే, ఇప్పుడు జూన్ నడస్తా ఉంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడతా ఉంది, ఈ ఎండల్లో కూడా తెల్లారుజామున కాళ్ళు చల్లబడి దుప్పటి కప్పుకుంటా ఉండా. ఇంకోటి, మొదట్లో టైమింగ్ బాగా తగ్గింది కానీ ఈ నెల్లాళ్ళుగా మళ్ళీ పెరగతా ఉంది, మోకాలి కింద ముందు ఎముక నొక్కితే నొప్పి.

అమ్మ నోటితో ఏం అడగలేదు గానీ ఆమె చూసే చూపుకి రాత్రిళ్ళు నిద్ర పట్టడంలా. మెడికల్ షాపులో 5 రోజులు టాబ్లెట్లు వేసుకుంటే వచ్చేస్తాది అంటుండారు. ఫ్రెండ్ ఏమో రన్నర్స్ అందరికీ ఇంతే, మంచిదే అంటాది. బీఎంఐ చూస్తే 20, నార్మలే గదా, మరి ఎందుకు ఇట్టా? పరుగు ఆపెయ్యమంటే మాత్రం నా వల్ల కాదు, ఈ ఉద్యోగం మీద మా ఇల్లు ఆధారపడి ఉంది.

పెన్నా_ఒడ్డు:

చెల్లీ, నీ పోస్టు చదవతా ఉంటే నాకు పందొమ్మిదేళ్ళప్పుడు నేనే కనపడ్డా. నేను నెల్లూరులో పీఈటీని, స్కూల్లో ఆటల టీచర్ని, అప్పట్లో 5000 మీటర్లు పరిగెత్తేదాన్ని. నాకు ఎనిమిది నెలలు డేట్ ఆగిపోతే మాకు నేర్పే ఆయన "ఆగిందంటే ట్రైనింగ్ బాగా ఎక్కతా ఉందని అర్థం" అన్నాడు, నేను నమ్మా. తర్వాత మోకాలి కింద ఎముకలో సన్నగా పగులు వచ్చి సీజన్ మొత్తం పోయింది. అందుకే చెప్తా ఉండా, మీ ఫ్రెండ్ మాట నమ్మబాక. రన్నర్స్‌లో చాలామందికి జరగతాది, నిజం, కానీ అది మంచిది కాదు.

బీఎంఐ నార్మల్ అయితే ఎందుకు ఆగిందని అడిగావు గదా, ఒంటికి బీఎంఐ తెలీదమ్మా, తిన్నదాంట్లో పరుగుకి పోగా లోపల ఎంత మిగిలిందనేదే తెలుసు. లెక్క చూద్దాం. నువ్వు రాసిన తిండి ఎంత లెక్కేసినా 900 కేలరీలు దాటదు. పరుగుకి కేజీకి కిలోమీటరుకి ఒక కేలరీ చొప్పున ఖర్చు, అంటే 50 కేజీల నువ్వు 8 కిలోమీటర్లకి 400 కాలుస్తా ఉండావు. సాయంత్రం వర్కౌట్ పక్కన పెట్టినా మిగిలేది 500. నీ ఒంట్లో కొవ్వు తీసేస్తే సుమారు 39 కేజీలు ఉంటాది, 500ని 39తో భాగిస్తే 13. ఇది కేజీకి 30 కేలరీల కంటే తగ్గితే మెదడు నుంచి అండాశయానికి పోయే సిగ్నల్స్ దెబ్బతింటాయని ల్యాబ్‌లో ఆడవాళ్ళ మీద పరీక్షించి చూశారు, 45 దాకా ఉంటే నిశ్చింత. మనిషిమనిషికీ తేడా ఉంటాది, అది గీత గీసినట్టు కాదు, కానీ నువ్వు 13 దగ్గర ఉండావు చెల్లీ.

గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, అవి ఆపలేదు గదా ఒళ్ళు, అందుకని ఇప్పటికిప్పుడు అవసరం లేనిది బిడ్డని మొయ్యడం అని దాన్ని ముందు ఆపేస్తాది. కాళ్ళు చల్లబడేది, జుట్టు ఊడేది, టైమింగ్ పడిపోయేది అన్నీ ఆ పొదుపులోవే. దీన్ని 2014 నుంచి ఒలింపిక్ కమిటీ వాళ్ళు రెడ్స్ అని పిలస్తా ఉండారు, ఆటకి అయ్యే ఖర్చుకి తగ్గ తిండి లేకపోవడం అని, మగపిల్లలకి కూడా వస్తాది.

ఆ ఎముక నొప్పి మీద మాత్రం రేపట్నుంచి పరిగెత్తబాక. దయచేసి.

ఆత్మకూరు_సుబ్బమ్మ:

అమ్మాయ్ నా కూతురు ఈడుదానివి. నువ్వులు బెల్లం దంచి పొద్దున ఒక ఉండ రాత్రి ఒక ఉండ తిను, మా జేజి కాలం నుంచి ఇదే మందు, బొప్పాయి కూడా తింటే వేడి చేసి వచ్చేస్తాది. అన్నం మానితే ఎట్టా తల్లీ, అన్నం తినే గదా మనం ఇంతైంది.

ఒంగోలు_సిస్టర్:

నేను స్టాఫ్ నర్సుని, గైనిక్ వార్డులో తొమ్మిదేళ్ళు చేశా. కొన్ని మాటలు సూటిగా చెప్తా, తప్పుగా అనుకోమాక.

రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళకి 3 నెలలు ఆగితే డాక్టర్ని చూడాల్సిందే, నీకు ఆ టైం అయిపోయింది. అక్కడ మొదట చేసేది ప్రెగ్నెన్సీ టెస్ట్, పెళ్ళైనా కాకపోయినా ఎవరికైనా సరే అదే ఫస్ట్, అది అనుమానం కాదు పద్ధతి, అమ్మకి ముందే చెప్పి తీసుకెళ్తే ఆమె గుండె కూడా తేలికపడుద్ది. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రాడియోల్ (అదే ఈస్ట్రోజన్) అనే హార్మోన్ల టెస్టులు, రక్తం ఎంతుందో, ఒక స్కానింగ్. బరువు తగ్గడం వల్లే అని మనం ఇక్కడ కూర్చొని తేల్చకూడదు, ఇవన్నీ బాగుంటేనే ఆ మాట అంటారు.

స్కానింగ్‌లో అండాశయాల్లో చిన్న చిన్న బుడగలు కనపడితే వెంటనే పీసీఓడీ (హార్మోన్ల తేడాతో డేట్ సరిగ్గా రాని జబ్బు) అని భయపడమాక. తిండి తగ్గి ఆగిపోయిన వాళ్ళకి కూడా అలా కనపడొచ్చు. అది చూసి ఇంకా బరువు తగ్గమని ఎవరన్నా చెప్పారంటే నీకు సరిగ్గా అపకారం. నీ తిండి, నీ పరుగు, 11 కేజీలు ఎన్ని నెలల్లో తగ్గావో డాక్టర్‌కి అడక్కపోయినా చెప్పు, చాలామంది పిల్లలు అది చెప్పరు, రిపోర్టులు మాత్రం చూపిస్తారు.

మెడికల్ షాపు టాబ్లెట్ గురించి. అది వేసుకుని ఆపితే కొందరికి బ్లీడింగ్ వస్తది, ఈస్ట్రోజన్ బాగా పడిపోయిన వాళ్ళకి అసలు రాదు. వచ్చినా అది మందుకి వచ్చిందే, అండం విడుదలై వచ్చింది కాదు. గర్భం రాకుండా వాడే పిల్స్‌తో నెలనెలా తెప్పించుకున్నా అంతే, లోపల ఈస్ట్రోజన్ లేక ఎముకలు పల్చబడేది ఆగదు. డేట్ తెప్పించడం కోసమే పిల్స్ ఇవ్వొద్దని 2017లో ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ డాక్టర్ల సంఘం వాళ్ళ గైడ్‌లైన్స్‌లో కూడా ఉంది, ముందు తిండి పెంచాలి వ్యాయామం తగ్గించాలి అని. ఎముక బలం ఎక్కువగా కూడేది ఈ వయసు దాకానే, ఇప్పుడు పోగొట్టుకుంటే అరవైలో తెలుసుద్ది.

సుబ్బమ్మ గారూ, నువ్వుల ఉండ మంచిదేనండీ, ఐరన్ కాల్షియం నూనె అన్నీ ఉంటాయి, ఈ పిల్లకి కావాల్సింది కూడా అలాంటి బలమైన తిండే. కాకపోతే వేడి చేసి రావడం అనేది లేదు, బొప్పాయితో రాదు.

దర్శి_బుజ్జి:

ఇక్కడ చదివేవాళ్ళు బరువు తగ్గితేనే డేట్ ఆగిపోద్దని అనుకుంటారేమో అని నా సంగతి రాస్తున్నా. నాకు పీసీఓడీ, 84 కేజీలు ఉండేదాన్ని, రెండు మూడు నెలలకోసారి వచ్చేది, వస్తే పదిరోజులు తగ్గేది కాదు. మా డాక్టరమ్మ 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు తేడా కనపడుద్ది అంది, నేను రోజూ గంట నడక, అన్నం సగం చేసి పప్పు కూర పెంచి, ఏడు నెలల్లో 77కి వచ్చా. ఇప్పుడు 35 రోజుల లోపల వస్తంది. నాకు మందైంది నీకు విషం అయింది చెల్లి, మన ఇద్దరి ఒళ్ళు వేరు. నా డైట్ చూసి మా ఆడపడుచు కూతురు 48 కేజీల పిల్ల మొదలుపెడితే నేనే తిట్టి ఆపించా.

కావలి_పిల్ల:

ఏడుపొచ్చింది అక్కలూ మీ రిప్లైలు చూసి. పెన్నా అక్కా, ఆ 13 లెక్క నేను మళ్ళీ వేసి చూసుకున్నా, అదే వచ్చింది. ఒక్కటి చెప్పండి, తిండి పెంచితే మళ్ళీ 61కి పోతానేమో, ఈవెంట్స్ పోతాయేమో. ఇంకా, ఇది ఇట్టా ఆగిపోతే తర్వాత పిల్లలు పుట్టరా?

ఒంగోలు_సిస్టర్:

తిండితో పోయింది తిండితో తిరిగొస్తది, కాకపోతే నెలలు పట్టుద్ది, వారంలో రాలేదని వదిలేయమాక. ఇది సర్దుకుంటే పిల్లల విషయంలో నువ్వనుకునే భయం అక్కర్లేదు. ఒక మాట పెళ్ళైనవాళ్ళ కోసం, డేట్ రావడం లేదు కదా గర్భం రాదులే అనుకోవద్దు, మొదటి డేట్ కంటే ముందే అండం విడుదలవుద్ది.

పెన్నా_ఒడ్డు:

61కి పోవు. పరుగెత్తే ముందు ఒక అరటిపండు, వచ్చిన అరగంటలో ఇడ్లీనో పెరుగన్నమో, గుడ్డు పచ్చసొనతో సహా తిను, మధ్యాన్నం అన్నం మళ్ళీ మొదలుపెట్టు, చేపల పులుసు ఉంటే మొహమాటపడబాక. వారంలో రెండు రోజులు పూర్తి రెస్ట్. 1600 మీటర్లకి రోజూ 8 కిలోమీటర్లు ఎందుకమ్మా? మా పిల్లలు బలం వచ్చాకే టైమింగ్ తగ్గించారు, ఆకలితో కాదు.

కావలి_పిల్ల:

ఆరు వారాల తర్వాత రాస్తా ఉండా. అమ్మని తీసుకునే డాక్టరమ్మ దగ్గరికి పొయినా. ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగెటివ్ అని ఆమె చెప్పినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం ఏం మాట్లాడుకోలా. థైరాయిడ్, ప్రొలాక్టిన్ బాగున్నాయి, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎల్‌హెచ్ ఈస్ట్రోజన్ మూడూ తక్కువే. స్కానింగ్‌లో సిస్టర్ గారు చెప్పినట్టే బుడగలు ఉన్నాయి, నా తిండి సంగతి మొత్తం చెప్తే పీసీఓడీ కాదు అంది. కాలికి ఎక్స్‌రేలో ఏం కనపళ్ళేదు, మొదట్లో పగులు ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చని ఆరు వారాలు పరుగు వద్దన్నారు, ఆపా. ఇప్పుడు నొక్కినా నొప్పి లేదు.

52న్నర ఉండా. డేట్ ఇంకా రాలా. కానీ కాళ్ళు చల్లబడటం పోయింది, నిద్ర పడతా ఉంది. అమ్మ పొద్దున్నే చద్దన్నంలో పెరుగు కలిపి ఉల్లిపాయ పెట్టి తినేదాకా ఎదురుగ్గానే కూర్చుంటా ఉంది.

పెన్నా అక్కా, ఆదివారం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఉంటారా? ఎట్టా మొదలుపెట్టాలో ఒకసారి మీ ఎదురుగా అడగాలని ఉంది.

పెన్నా_ఒడ్డు:

ఆరింటికల్లా ఉంటా. తినేసి రా.