ఆవకాయ కొలతలు: సోల లెక్కని గ్రాముల్లోకి మార్చేదెలా?

అమలాపురం వంటిల్లు:
మా ఇంటి లెక్క ఇది: అయిదు సోలల (కొలత గిన్నెల) కొత్తపల్లి కొబ్బరి మామిడి ముక్కలకి సోల ఆవపిండి, సోల కారం, ముప్పావు సోల ఉప్పు. హైదరాబాదులో పిల్లల దగ్గర కాటా ఉంది గానీ సోల లేదు. సోల అంటే ఎన్ని గ్రాములని రాయాలండీ?

పాలకొల్లు పెరుగుచట్టి:
గ్రాములు సోలకి కాదండీ, అందులో పోసిన సరుకుకి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అనే వరస సరే, సోల సైజు మాత్రం ఇంటింటికీ మారుతుంది. కాబట్టి ముందు మీ సోలనే కొలవండి. ఖాళీ సోలని కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు.

రావులపాలెం రోలు:
సోల 200 మి.లీ. వచ్చిందనుకోండి. తలకొట్టి కొలిస్తే మెత్తని ఉప్పు 240 గ్రాములు, బియ్యం 160-170, పంచదార 170, నువ్వుల నూనె 184. కారం, ఆవపిండి మాత్రం 80 నుంచి 110 దాకా ఎంతైనా రావచ్చు. అప్పుడే ఆడించింది గుల్లగా ఉంటుంది, డబ్బాలో రెండు వారాలున్నది అణిగిపోతుంది. గరిటెతో వదులుగా పోసి, సోలని తట్టకుండా, అట్లకాడతో పైన గీసేసి తూచండి. మూడుసార్లు తూచి సగటు తీసుకోండి.

నరసాపురం జాడీ:
అక్కా, అసలు తప్పు జరిగేది ఇక్కడే. కాటా చేతికి రాగానే చాలామంది మూడూ సమానమని 100 గ్రాములు చొప్పున తూచేస్తారు. కారం, ఆవపిండి సోలకి దగ్గరగానే పడతాయి. ఉప్పు మాత్రం మీ లెక్కలో ముప్పావు సోల, అంటే 180 గ్రాములు పడాలి. 100 గ్రాములంటే అరసోల కూడా నిండదు. ఉప్పు చాలకపోతే ముక్క మెత్తబడుతుంది, పైన బూజు కడుతుంది. తర్వాత ఎంత నూనె పోసినా ఆ ఊరగాయ నిలవదు.

కల్లుప్పు వాడితే ఈ 180 పనికిరాదు. ఉప్పుగళ్ళ మధ్య గాలి ఉంటుంది కాబట్టి సోలలో తక్కువ తూగుతుంది. బాగా ఎండబెట్టి దంచి, దంచిన తర్వాతే కొలిచి తూచండి.

అమలాపురం వంటిల్లు:
మరి మామిడి ముక్కల సంగతో?

నరసాపురం జాడీ:
ముక్కల్ని సోలతో కొలవడమే అంత నమ్మకం కాదు. పెద్ద ముక్కల మధ్య ఖాళీలు ఎక్కువ. మీరు ఎప్పుడూ కొట్టించే సైజులోనే కొట్టించి, జీడి తీసి, తుడిచి ఆరబెట్టాక అయిదు సోలలు కొలిచి తూచండి. ఆ బరువు పక్కనే మిగతావి రాయండి. అప్పుడు కిలో ముక్కలకైనా, మూడు కిలోలకైనా హెచ్చవేత ఒక్కటే.

పాలకొల్లు పెరుగుచట్టి:
దోసెల పిండికి ఇంత అవస్థ లేదు. మినప్పప్పు, బియ్యం కొలతకి దాదాపు సమానంగానే తూగుతాయి, ఒకటికి మూడు అంటే గ్లాసైనా కాటా అయినా ఒకటే. అరిసెలకి మాత్రం తడిపిండిని తూచి బెల్లం లెక్క కట్టకండి. నానిన బియ్యం తన బరువులో పావు వంతుకు పైనే నీళ్ళు పీలుస్తుంది, ఆరబెట్టిన తీరుని బట్టి అదీ మారుతుంది. నానబోయకముందే బియ్యం తూచి, దానికి సరిపడా బెల్లం తియ్యండి. బెల్లం ఎప్పుడూ తూకమే.

రావులపాలెం రోలు:
నూనె సంగతి కూడా రాసి పంపండి. లీటరు నూనె కిలో తూగదు, 910-920 గ్రాములే. కాటా మీద కిలో చూసి పోస్తే దాదాపు 90-100 మి.లీ. ఎక్కువ పడుతుంది, ఆవకాయకి దానివల్ల నష్టమేం లేదు.