పెదనాన్న నన్ను నాన్న పేరుతో పిలుస్తున్నారు, పలకాలా వద్దా?

కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నేను మాస్టర్స్ చెయ్యడానికి వచ్చి ఏడు వారాలైంది. రూమ్ దొరికేదాకా అని పెదనాన్నగారింట్లో దిగాను, ఇంకా అక్కడే ఉన్నాను. ఆయన ఈ దేశానికొచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇంజినీరుగా రిటైరయ్యారు. రెండేళ్ల కిందట ఆల్జీమర్స్ అని తేల్చారట. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు, నాకూ ఇక్కడ దిగాకే తెలిసింది.

ఆయన నన్ను మా నాన్న పేరు పెట్టి పిలుస్తున్నారు. "నేను నాన్నని కాదు పెదనాన్నా, వాళ్లబ్బాయిని" అంటే "అవునవును" అని నవ్వుతారు. అయిదు నిమిషాలకి మళ్లీ అదే పేరు. సాయంత్రం అయ్యేసరికి బూట్లేసుకుని గుమ్మం దగ్గర నిలబడి "ఇంటికి పోదాం పదరా" అంటారు. "మనిల్లు ఇదే కదా" అంటే కోపం. మొన్న వెనకనుంచి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను, గట్టిగా విదిలించుకున్నారు. పెద్దమ్మ లోపలికెళ్లి ఏడ్చింది. ఇంగ్లీషులో ఎవరేం అడిగినా ఈ మధ్య అసలు జవాబే ఉండట్లేదు.

నాకు మూడు సందేహాలు. ఆ పేరుకి పలికితే ఆయన్ని మోసం చేసినట్టా? కొత్త మందులొచ్చాయని చూశాను, ఇప్పించవచ్చా? ఇక నేను ఇక్కడే ఉండాలా, వేరే రూమ్ చూసుకోవాలా?

అత్తగారిని చూసుకున్న ఒక అక్క:

తమ్ముడూ, మా అత్తగారికి ఇదే జబ్బు. ఆరేళ్లు చూసుకున్నాను. మొదటి రెండేళ్లు నువ్వు చేస్తున్న పనే చేశాను, రోజుకి పదిసార్లు సరిదిద్దేదాన్ని. ఒకరోజు "మామయ్యగారింకా రాలేదేం?" అన్నారు. "ఆయన పోయి తొమ్మిదేళ్లయింది అత్తయ్యా" అనేశాను. ఆవిడకి అది అప్పుడే విన్న కబురు. అప్పుడే పోయినట్టు ఏడ్చారు. కాసేపటికి ఎందుకేడ్చారో మర్చిపోయారు, దిగులు మాత్రం రాత్రిదాకా ముఖంలోంచి పోలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆల్జీమర్స్ ఉన్నవాళ్లకి ఏడిపించే సన్నివేశాలు, నవ్వించే సన్నివేశాలు చూపించారు. ఏం చూశారో సరిగా చెప్పలేనివాళ్లలో కూడా ఆ దుఃఖం, ఆ సంతోషం కొంతసేపు అలాగే మిగిలాయి. అందుకని మీ పెదనాన్నగారికి నువ్వన్న మాట గుర్తుండకపోయినా, అన్న తీరు ఆయన్ని అంటిపెట్టుకునే ఉంటుంది.

పేరు సంగతి. "నేనే మీ తమ్ముణ్ణి" అని నువ్వు చెప్పక్కర్లేదు. "కాదు" అనీ అనక్కర్లేదు. "ఏంటి పెదనాన్నా" అని పలుకు, చాలు. అక్కణ్ణించి మాట ఆయనకి వదిలెయ్. మీ నాన్న చిన్నప్పుడు ఏం చేసేవాడో అడుగు. పాత సంగతులు కొత్తవాటికంటే చాలాకాలం నిలుస్తాయి, నీకూ మీ నాన్న గురించి తెలియని కథలు దొరుకుతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, ఆయనే సూటిగా "నువ్వెవరు బాబూ?" అని అడిగిన రోజున నిజం చెప్పు. అడిగినప్పుడు కూడా దాటేస్తే దాన్ని నేనైతే మోసమనే అంటాను.

"ఇంటికి పోదాం" అంటే ప్రతిసారీ ఇల్లే కానక్కర్లేదు. మా అత్తగారు అలా అన్నప్పుడల్లా ముందు బాత్రూమ్ దారి చూపించేదాన్ని, సగంసార్లు గొడవ అక్కడితో ఆగిపోయేది. నొప్పి ఉన్నా అంటారు, భయమేసినా అంటారు. సాయంత్రం ఇది ఎక్కువవుతుంది. చీకటి పడకముందే లైట్లు వేసి కర్టెన్లు మూసెయ్యి. బయట చీకటైతే కిటికీ అద్దంలో తన రూపమే కనిపిస్తుంది, అందులో ఉన్నది ఎవరో అనుకుంటారు. గుమ్మం దగ్గర నల్ల మ్యాట్ ఉంటే తీసెయ్యి. మా ఇంట్లో ఒకటుండేది. అత్తగారు దాని దాకా వచ్చి ఆగి, గోడ పట్టుకుని, కాలు బాగా చాచి అటువైపు వేసేవారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక థెరపిస్ట్ వచ్చి చూసి, ఆవిడకి అది గొయ్యిలా కనిపిస్తోందని చెప్పింది.

చెయ్యి విదిలించడం గురించి పెద్దమ్మగారికి చెప్పు, ఆయన మారిపోలేదని. వెనకనుంచి ఎవరో పట్టుకుంటే మనమూ విదిలిస్తాం. ఎదురుగా వెళ్లు, ఆయన కూర్చుని ఉంటే నువ్వూ కూర్చో, నీ అరచెయ్యి చాపి ఆగు. ఆయనే పట్టుకుంటారు.

ఇంగ్లీషులో జవాబు లేకపోవడం చాలామందిలో చూస్తాం. పెద్దయ్యాక నేర్చుకున్న భాష తరచుగా ముందు జారిపోతుంది, చిన్నప్పటి భాష ఆలస్యంగా పోతుంది. పెద్దమ్మగారూ ఆయనా ఇన్నేళ్లుగా సగం ఇంగ్లీషులోనే మాట్లాడుకుని ఉంటారు. నువ్వొచ్చాక ఆ ఇంట్లోకి రోజంతా తెలుగు వచ్చింది. ఆయన నిన్ను వదలకపోవడానికి మీ నాన్న పోలిక ఒక్కటే కారణం కాదేమో చూడు.

న్యూరాలజీలో పనిచేసే సభ్యుడు:

రోగిని చూడకుండా సలహా ఇవ్వను. మందుల గురించి మాత్రం పైపైన చెప్తాను, మిగతాది వాళ్ల డాక్టర్‌తో మాట్లాడండి.

మీరు చూసినవి లెకానెమాబ్, డొనానెమాబ్ అయ్యుంటాయి. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ని తొలగించే మందులు, సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. లెకానెమాబ్‌ని 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించారు. మందు తీసుకున్నవాళ్లలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది. పేపర్లు ఈ అంకెనే పెద్దగా వేశాయి. అదే ఫలితాన్ని వాళ్లు వాడిన 18 పాయింట్ల కొలమానం మీద చూస్తే తేడా 0.45 పాయింటు. జబ్బు ఆగదు, పోయింది తిరిగి రాదు, కొంత నెమ్మదిస్తుంది. అదీ తొలిదశలో ఉన్నవాళ్లకే. కొందరికి మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు వస్తాయి కాబట్టి మధ్యమధ్యలో ఎమ్మారై తీస్తూ ఉండాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మీరు రాసినదాన్ని బట్టి ఆయన తొలిదశ దాటి ఉండొచ్చు. అడగడంలో తప్పు లేదు, ఆశ మాత్రం దానిమీదే పెట్టుకోకండి. 1996 నుంచి వాడుకలో ఉన్న డోనెపెజిల్ లాంటి పాత మందులు జబ్బుని ఆపకపోయినా కొందరికి కొంతకాలం పనిచేస్తాయి. అవి వాడుతున్నారో లేదో కనుక్కోండి.

మీరు అడగనిది ఒకటి చెప్తాను, ఇది ముఖ్యం. డిమెన్షియా, అంటే ఆల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి వాడే పేరు, నెలల్లో, ఏళ్లలో ముదురుతుంది. రెండుమూడు రోజుల్లోనో, కొన్ని గంటల్లోనో మనిషి ఒక్కసారిగా తికమకపడిపోయినా, మత్తుగా పడి ఉన్నా అది జబ్బు ముదరడం అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. దాన్ని డెలీరియం అంటారు. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

కోపానికి ఎవరైనా యాంటీసైకోటిక్ మాత్రలు (తీవ్రమైన మానసిక రోగాలకి వాడేవి) రాస్తే ఎందుకు, ఎన్నాళ్లు అని అడగండి. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో వీటివల్ల పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతాయని తేలింది. తప్పనిసరైన సందర్భాలు ఉంటాయి, కానీ అది ఆఖరి మెట్టు.

భాష గురించి అక్కగారు రాసింది చదివాక ఇంకోటి. ఆయనకి జ్ఞాపకశక్తి పరీక్షలు ఏ భాషలో పెట్టారో కనుక్కోండి. ఇంగ్లీషులో పెట్టి ఉంటే, వచ్చిన మార్కుల్లో జబ్బు ఎంతో, భాష ఎంతో విడదీయడం కష్టం. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల కిట్ తెలుగుతో కలిపి అయిదు భాషల్లో ఉంది. ఇక్కడి డాక్టర్‌కి ఆ మాట చెప్పండి. దుబాసీని అడగండి, ఇంట్లోవాళ్లని ఆ పనికి పెట్టొద్దు. భార్య పక్కనుండి అనువదిస్తే తప్పు జవాబు కూడా ఒప్పయిపోతుంది, ప్రేమకొద్దీ.

పక్కమాట: ఈ భాషల సంగతిలో పెద్ద పరిశోధన మన హైదరాబాద్‌లోనే జరిగింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు మూడు భాషలు వచ్చినవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. భాషలు వస్తే జబ్బు రాదని దీనర్థం కాదు, మీ పెదనాన్నగారే సాక్ష్యం.

పాత సభ్యుడు:

అంత లోతుకి వెళ్లక్కర్లేదండీ. మెదడు ఆటల యాప్ ఏదైనా వేసి ఇవ్వండి. రోజూ పొద్దున్నే ఇవాళ ఏ వారం, ఏ తారీఖు, ప్రధాని ఎవరు అని అడుగుతూ ఉండండి. వాడితేనే మెదడు పదునుగా ఉంటుంది.

అత్తగారిని చూసుకున్న ఒక అక్క:

అన్నగారూ, ఏమీ అనుకోకండి. రోజూ పొద్దున్నే నాకెవరైనా అలా పరీక్ష పెడితే నేనూ బూట్లేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాను.

మెదడుకి పని కల్పించాలన్న మాట నిజమే. దానికంటూ ఒక పద్ధతుంది, కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అంటారు. బ్రిటన్‌లో ఎయిమీ స్పెక్టర్ అనే పరిశోధకురాలి బృందం 201 మందితో పరీక్షించి 2003లో ప్రచురించింది. వారానికి రెండుసార్లు, మొత్తం పద్నాలుగు సమావేశాలు, చిన్న గుంపుగా కూర్చుని కబుర్లు, పాటలు, ఆటలు. జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది, బతుకు బాగుందన్న భావన కూడా పెరిగింది. అందులో నాకు నచ్చింది, జ్ఞాపకాన్ని కాకుండా అభిప్రాయాన్ని అడగడం. "ఈ ఫొటోలో ఎవరు?" అంటే ఓడిపోతారు. "ఈ ఇద్దరిలో ఎవరి చొక్కా బాగుంది?" అంటే ఓటమి లేదు. తమ్ముడూ, ఇంజినీరంటున్నావు, "ఈ వంతెన ఇలా కట్టారేంటి పెదనాన్నా?" అని ఏదో ఒక బొమ్మ చూపించు. తిట్టినా సరే, మాట్లాడతారు.

మరో సభ్యురాలు:

అందరూ పెదనాన్నగారి గురించే రాస్తున్నారు. పెద్దమ్మగారి మాటేంటి? రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా ఒంటిచేత్తో లాక్కొచ్చిందావిడ. నలుగురికీ తెలిస్తే పరువుపోతుందనుకుని ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే జరిగింది, నాన్నకి మతి చలించిందంటారేమోనని అమ్మ ఫంక్షన్లకి రావడమే మానేసింది. ఇది మెదడు జబ్బు, పిచ్చి కాదు, ఎవరి తప్పూ కాదు. ఆ మాట మీ నాన్నగారి నోటినుంచి ఫోన్లో ఆవిడకి వినబడాలి. ఆవిడ ఒప్పుకున్నాకే ఇంట్లో చెప్పు.

చూసుకునేవాళ్లకి కూడా విడిగా సాయం ఉంటుంది. లండన్‌లో గిల్ లివింగ్‌స్టన్ అనే సైకియాట్రిస్ట్ బృందం స్టార్ట్ అని ఎనిమిది సెషన్ల కార్యక్రమం రూపొందించింది. 2013లో వచ్చిన ఫలితాల్లో, అందులో చేరినవాళ్లలో డిప్రెషన్, ఆందోళన తగ్గాయి. మీ దగ్గర ఇదే దొరక్కపోవచ్చు. క్లినిక్‌కి వెళ్లినప్పుడు "చూసుకునేవాళ్లకి ఏముంది?" అని అడగండి. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

కాగితాల పని కూడా. పెదనాన్నగారికి ఇంకా అర్థమవుతున్నప్పుడే పవర్ ఆఫ్ అటార్నీ లాంటివి లాయర్‌తో మాట్లాడి రాయించుకోవాలి. ఆలస్యమైతే ఆయన సంతకం చెల్లదు, కోర్టుల చుట్టూ తిరగాలి. కారు ఇంకా నడుపుతున్నారా? కొన్ని దేశాల్లో ఈ జబ్బు గురించి లైసెన్సు ఆఫీసుకి చెప్పి తీరాలి.

నీ మూడో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నా మాటైతే రూమ్ చూసుకో. చదువు దెబ్బతింటే రేపు నువ్వూ వాళ్లని తప్పుపడతావు. వారంలో రెండు సాయంత్రాలు ఫలానా టైముకి వస్తానని పెద్దమ్మకి మాటిచ్చి, ఆ రెండూ తప్పకు.

అత్తగారిని చూసుకున్న ఒక అక్క:

దీంతో నేను ఏకీభవించను, ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఉంటేనే మంచిది. ఇప్పుడిప్పుడే అలవాటైన మనిషి ఒక్కసారిగా మాయమైతే ఆయనకి కష్టం. అయినా వయసు నీది, చదువు నీది. నువ్వే తేల్చుకో.

కొత్త సభ్యుడు:

అందరికీ థాంక్స్. పది రోజులైంది రాసి, ఏం జరిగిందో చెప్తాను.

మ్యాట్ తీసేశాం. కర్టెన్లు నాలుగున్నరకే మూసేస్తున్నాను. బూట్లు మానలేదు. కాకపోతే ఇప్పుడు "పదండి" అని నేనూ బూట్లేసుకుంటున్నాను. రెండు వీధులు తిరిగొచ్చి తలుపు తియ్యగానే "హమ్మయ్య, వచ్చేశాం" అంటారు. ఒక్కోరోజు అనరు, ఇంకో చుట్టు తిరుగుతాం.

శనివారం గుమ్మం దగ్గర నా పేరు, అంటే నాన్న పేరు, పెట్టి పిలిచారు. "ఏంటి పెదనాన్నా" అన్నాను. "లేసు కట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావురా" అని కిందకి వంగి నా బూటు లేసు విప్పి మళ్లీ కట్టారు. రెండు చెవులూ సమానంగా లాగి, ముడి మీద ముడి వేశారు. ఉదయం సొంత చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయిన మనిషి. పెద్దమ్మ ఫోన్ తీసింది కానీ ఫొటో తియ్యలేదు.

ఆ రాత్రే నాన్నకి వీడియో కాల్ చేయించాను, పెద్దమ్మ సరేనన్నాకే. పెదనాన్న స్క్రీన్‌లో నాన్నని చూసి "ఎవరీ పెద్దాయన?" అని నన్నడిగారు. నాన్న నవ్వేసి, "నమస్కారం అన్నయ్యా" అన్నాడు. తర్వాత విడిగా ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

డిసెంబర్ దాకా ఇక్కడే ఉంటున్నాను, ఆ తర్వాత రూమ్. క్లినిక్‌కి వచ్చే గురువారం వెళ్తున్నాం. తెలుగు దుబాసీ కావాలంటే రిసెప్షన్‌లో "హిందీ అయితే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదని చెప్పాను. గట్టిగా పట్టుబడితే ఫోన్లో తెలుగావిడని కలుపుతామన్నారు. ఆయనకి ఫోన్లో గొంతు సరిగా వినబడదు. మనిషే కావాలని ఎలా అడగాలో ఎవరికైనా తెలుసా?

న్యూరాలజీలో పనిచేసే సభ్యుడు:

కారణంగా అదే రాయండి: వినికిడి లోపం, దాంతోపాటు డిమెన్షియా, కాబట్టి ఎదురుగా కూర్చునే దుబాసీ అవసరం అని. మాటతో సరిపెట్టకుండా ఈమెయిల్లో పంపండి, ఇవాళే పంపండి. ఏర్పాటుకి టైము పడుతుంది. అప్పటికీ దొరక్కపోతే పరీక్ష వాయిదా వెయ్యమనండి, ఫోన్ మీద చెయ్యనివ్వకండి. అదే ఈమెయిల్లో చెవుల పరీక్ష కూడా అడగండి. వినపడని ప్రశ్నకి జవాబు చెప్పకపోతే దాన్నీ మతిమరుపు కింద రాసేస్తారు.