డార్సీ మారింది మనసా, మర్యాదా?

జేన్ ఆస్టిన్ 1813 నాటి నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' బాగా చదివినవాళ్లు కాస్త సాయం చేయండి. అందులో కథానాయకుడు, సంపన్న భూస్వామి డార్సీకి వర్గ గర్వం నిజంగా పోయిందా అన్నది ఎంతకీ తేలడం లేదు.

34వ అధ్యాయంలో పెళ్లి ప్రస్తావన తెస్తూనే కథానాయిక ఎలిజబెత్ చుట్టాల స్థాయిని ఎత్తిపొడుస్తాడు. 43కి వచ్చేసరికి లండన్‌లో వ్యాపారం చేసుకునే ఆమె మేనమామ గార్డినర్‌తో తన ఎస్టేట్ పెంబర్లీలో కలిసి నడుస్తాడు, వచ్చి చేపలు పట్టుకోమంటాడు, గాలం సామాను తనే ఇస్తానంటాడు. చేపలు ఎక్కడ బాగా పడతాయో కూడా చూపిస్తాడు! నాకు భలే నచ్చిన చోటు. కానీ గార్డినర్ పెద్దమనిషి తరహా మనిషి, పైగా ఆమె మేనమామ. అది లెక్కలోకి వస్తుందా?

58లో తన పెంపకం గురించి డార్సీ చెప్పుకున్నదీ మళ్లీ చదివాను. అది అతని మాటే, రుజువు కాదు. పనివాళ్లతో మంచితనమంటారా, అది చిన్నప్పటి నుంచీ ఉందని ఇంటి పెత్తనం చూసే మిసెస్ రెనాల్డ్సే చెబుతుంది. ఇక 60లో, ఒకప్పుడు వ్యాపారం చేసిన సర్ విలియం లూకస్‌ని ఓపిగ్గా భరిస్తాడు గానీ, భుజాలు ఎగరేస్తే ఆయన కనుమరుగయ్యాకే అంటుంది రచయిత్రి. నా టెన్షనంతా ఆ వాక్యంతోనే.

ఎలిజబెత్ బంధువు కాని, తనకంటే తక్కువ స్థాయి మనిషిని డార్సీ మనస్ఫూర్తిగా గౌరవించిన చోటు, 43వ అధ్యాయం తర్వాత ఎక్కడైనా ఉందా?